తెర చాటునా, ఎదురెదురుగానా? పాపసంకీర్తనం కోరే రోగులకు, వారి కుటుంబాలకు



తపస్సుకాలం వచ్చిందంటే మా వార్డులలో ఒక ప్రశ్న ఎక్కువగా వినబడుతుంది. అది మందుల గురించి కాదు, బిల్లు గురించీ కాదు. “సిస్టర్, ఫాదర్‌గారు మంచం దగ్గరకే వస్తారంట గదా. ఆయన మొహం చూస్తూ ఎట్లా చెప్పేది? గుడిలో అయితే జాలీ అడ్డం ఉంటుంది” అంటారు కొందరు. మరికొందరి బాధ దీనికి తలక్రిందులు. “మోకీళ్ళు అరిగిపోయాయి, ఆ పెట్టె ముందు మోకరించలేను. ఎదురుగా కుర్చీలో కూర్చుని చెబితే చెల్లుతుందా?” అని అడుగుతారు.

రెండూ చెల్లుతాయి. ఏది కావాలో అడిగే హక్కు మీకు ఉన్నది. ఈ చిన్న సంగతి తెలియక పదేళ్ళు, పదిహేనేళ్ళు పాపసంకీర్తనానికి దూరంగా ఉండిపోయినవారిని మేము వార్డులలో చూస్తూనే ఉన్నాము. విశ్వాసం లేక కాదు, సిగ్గు వల్ల. ఆపరేషనుకు ముందు రాత్రి నిద్రపట్టక దొర్లుతూ, రక్తపోటు పెరిగి, చివరికి ఏ తెల్లవారుజామునో డ్యూటీ నర్సును పిలిచి “ఫాదర్‌గారిని పిలుస్తారా, కాని...” అని ఆ “కాని” దగ్గర ఆగిపోయేవారు ఉంటారు. ఆ “కాని” గురించే ఈ నాలుగు మాటలు.

పెట్టె ఎప్పటిది?

జాలీ వెనుక చెప్పుకోవడమే పురాతన పద్ధతి అనీ, ఎదురెదురుగా కూర్చోవడం ఈమధ్య వచ్చిన కొత్త పోకడ అనీ మన పెద్దలు చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా లేదు. తొలి శతాబ్దాలలో హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని విడిచిపెట్టడం వంటి ఘోర పాపాలకు పీఠాధిపతి ఆధ్వర్యంలో, సంఘమంతటికీ తెలిసేలా ప్రాయశ్చిత్తం ఉండేది. ఆరు, ఏడు శతాబ్దాల నుండి ఐర్లండు సన్యాసుల ద్వారా, గురువుకు ఒంటరిగా, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతి ఐరోపాలో వ్యాపించింది. 1215లో జరిగిన నాలుగవ లాతెరాను మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని నియమించింది. ఆ కాలంలో కూడా మనకు తెలిసిన పెట్టె లేదు. గురువు దేవాలయంలో పదిమందికీ కనబడే చోట కుర్చీలో కూర్చుంటే, విశ్వాసి ఆయన ముందో ప్రక్కనో మోకరించి మెల్లగా చెప్పుకునేవారు.

మధ్యలో పలక, ఆ పలకకు జాలీ ఉన్న పీఠాన్ని స్థిరపరచినది మిలాను అగ్రపీఠాధిపతి, పునీత చార్లెస్ బొర్రొమేయో వారు. 1576లో మిలానులో ప్లేగు వచ్చినపుడు ఊరు విడిచి పారిపోక రోగుల మధ్య తిరిగిన మహానుభావుడు ఆయనే, కనుక మా నర్సులకు ఆయనంటే కాస్త ఎక్కువ అభిమానం. 1577లో దేవాలయాల కట్టడం గురించి ఆయన ఇచ్చిన సూచనలలో ఈ పీఠం ఎలా ఉండాలో వివరంగా ఉంది. తరువాత 1614 నాటి రోమను ఆరాధన గ్రంథం ద్వారా ఆ పద్ధతి శ్రీసభ అంతటికీ చేరింది. అప్పటి ముఖ్యోద్దేశం పేరు దాచుకోవడం కాదు. స్త్రీలకు రక్షణ ఉండాలి, గురువు మీద నింద రాకూడదు, అంతా పదిమందికీ కనబడే చోట జరగాలి. అందుకే 1917 నాటి శ్రీసభ చట్టంలో కూడా, జబ్బు వంటి నిజమైన అవసరం ఉంటే తప్ప స్త్రీల పాపసంకీర్తనాన్ని ఆ పీఠం వెలుపల వినకూడదని ఉండేది. పురుషులకు ఆ నిర్బంధం లేదు.

రెండవ వాటికన్ మహాసభ తరువాత 1973లో సవరించిన సంస్కార విధానం వచ్చింది. అందులో గురువు విశ్వాసిని ఆప్యాయంగా పలకరించడం, వీలైతే దేవుని వాక్యం చదవడం, తల మీద చేతులు చాచి పాపవిమోచనం పలకడం ఉన్నాయి. ఇవన్నీ ఎదురెదురుగా కూర్చున్నపుడు బాగా కనబడతాయి గనుక చాలా దేవాలయాలలో చిన్న గదులు ఏర్పడ్డాయి. అంతమాత్రాన జాలీ పోలేదు. 1983 నాటి శ్రీసభ చట్టం 964వ నియమం ప్రకారం, జాలీ బిగించిన పీఠాలు దేవాలయంలో పదిమందికీ కనబడే చోట ఎప్పుడూ ఉండాలి, కోరినవారు స్వేచ్ఛగా వాడుకోగలగాలి. తగిన కారణం లేకుండా ఆ పీఠం వెలుపల వినకూడదు. మీ జబ్బు తగిన కారణమే, అనుమానం అక్కరలేదు.

ఇంకొక సంగతి కూడా తెలియాలి. తగిన కారణం ఉంటే గురువు కూడా జాలీ వెనుకనే వింటానని అనవచ్చునని 1998లో రోము నుండి వివరణ వచ్చింది. కనుక దేవాలయంలో ఫాదర్‌గారు “ఆ వైపు రామ్మా” అని జాలీ చూపిస్తే మనసు కష్టపెట్టుకోవద్దు. అది మిమ్మల్ని దూరం పెట్టడం కాదు.

ధైర్యవంతులు ఒకవైపు, పిరికివారు ఒకవైపు కాదు

“మొహం చూపించి చెప్పుకునేవాడిదే నిజమైన పశ్చాత్తాపం” అని కొందరు యువకులు వాదిస్తుంటారు. మేము ఒప్పుకోము. 2014 మార్చిలో అప్పటి పోపు ఫ్రాన్సిస్ గారు పునీత పేతురు దేవాలయంలో అందరూ చూస్తుండగా ఒక గురువు ఎదుట మోకరించి పాపసంకీర్తనం చేసిన ఫోటో చాలామంది చూసే ఉంటారు. మంచి మాదిరి. కాని ఆ ఫోటో చూసి జాలీ దగ్గరకు వెళ్ళే ముసలమ్మ తక్కువదని అనుకుంటే పొరపాటే. శ్రీసభ కోరేది మూడు సంగతులు: మనస్తాపం, దాచకుండా చెప్పడం, ఇచ్చిన అపరాధ పరిహారం చేయడం. కూర్చునే దిక్కు వాటిలో లేదు.

మన ఊళ్ళలో జాలీ ఉన్నా అజ్ఞాతం ఉండదు. నూరు గడపల విచారణలో ఫాదర్‌గారికి ప్రతివారి గొంతూ తెలుసు, దగ్గు కూడా తెలుసు. మరి జాలీ ఎందుకు? చూపు తప్పించుకోవడానికి. ఎవరో తెలిసినా, ఆ క్షణంలో కళ్ళలోకి చూడనక్కరలేదు అన్న ఒక్క సౌకర్యంతో నోరు పెగులుతుంది. మా పనిలో దీన్ని రోజూ చూస్తాము. రోగి ముఖం వైపు చూస్తూ అడిగితే “ఏమీ లేదు సిస్టర్” అంటాడు. అదే సెలైను బాటిలు మారుస్తూ, వీపు ఇటు ఉన్నపుడు అసలు సంగతి చెబుతాడు.

గొంతు కూడా తెలియకూడదనుకుంటే వేరే గురువు దగ్గరకు వెళ్ళవచ్చును. అధికారం పొందిన ఏ గురువునైనా, మరొక రీతికి చెందినవారినైనా ఎన్నుకునే స్వేచ్ఛ 991వ నియమం ఇస్తున్నది. ప్రక్క విచారణకు వెళితే మీ విచారణ గురువులకు అవమానమేమీ కాదు. ప్రతి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల మాత తిరునాళ్ళకు వెళ్ళేవారిలో ఎందరో తమ ఊరిలో నోరు తెరవలేనిది అక్కడ తెలియని గురువుకు చెప్పుకుని తేలికపడి వస్తారు.

ఇక ఎవరికి ఏది మేలు? గురువులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. వార్డులో మేము చూసినంతలో మా అభిప్రాయం ఇది. చాలా ఏళ్ళ తరువాత వస్తున్నవారికి, సిగ్గుపడే పాపం గుండెలో పెట్టుకున్నవారికి, తమ విచారణ గురువులతో సంఘం పనులలో దగ్గరగా మెలిగేవారికి తెర మేలు. ముందు బయటపడనివ్వండి, మిగతావి తరువాత. అదే తాగుడు మానాలని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నవారికి, అన్నదమ్ముల తగాదాలో నలుగుతున్నవారికి, భర్త పోయి ఒంటరైనవారికి ముఖాముఖి మేలు. వారికి విమోచనంతో పాటు ఒక మనిషి ముఖం, ఒక సలహా, “పోయిన నెల చెప్పావు గదా, ఇప్పుడెలా ఉంది?” అని అడిగేవారు కావాలి. తెర వెనుక ఆ ప్రశ్న రాదు. చెవుడు ఉన్నవారికి కూడా ముఖాముఖే నయం, పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటారు.

ఒకసారి ఒకటి ఎంచుకుంటే ఎప్పుడూ అదే చేయాలని లేదు.

మంచం దగ్గర తెర ఎలా?

ఆసుపత్రిలో జాలీ పీఠం ఉండదు గాని తెరలు మాకు కొదువ లేదు. ఫాదర్‌గారి కుర్చీని మంచం తల వైపున, ప్రక్కకు తిప్పి వేయవచ్చును. ఆయన చెవి మీ వైపు ఉంటుంది, కళ్ళు గోడ వైపు ఉంటాయి. మీ ఇద్దరి మధ్య చక్రాల స్క్రీను నిలబెట్టవచ్చును. మీరు కళ్ళు మూసుకుని చెప్పవచ్చును. లేవగలిగినవారిని చక్రాల కుర్చీలో ప్రార్థనాలయానికి తీసుకువెళతాము. ఇవేవీ ఫాదర్‌గార్లకు కొత్త కాదు, అడిగితే కాదనరు.

క్షయ రోగులకైతే ప్రక్కకు కూర్చోవడంలో ఆరోగ్యరీత్యా కూడా లాభం ఉంది. కిటికీ తెరిచి, రోగి మాస్కు పెట్టుకుని, ఫాదర్‌గారు ఎన్-95 మాస్కు పెట్టుకుని, ఒకరి ఊపిరి ఒకరి ముఖం మీదకు సూటిగా రాకుండా కూర్చుంటే మంచిది. కోవిడ్ రోజులలో, 2020 మార్చిలో, రోము ఇంకా ముందుకు వెళ్ళింది. దగ్గరకు వెళ్ళడానికి వీలులేని చోట, ప్రాణాపాయంలో ఉన్న రోగుల కొరకు వార్డు గుమ్మం దగ్గర నిలబడి సామూహిక పాపవిమోచనం ఇవ్వడానికి పీఠాధిపతులు అనుమతించవచ్చునని తెలియజేసింది. ఫోనులో, వీడియో కాల్‌లో మాత్రం పాపసంకీర్తనం చెల్లదు. దుబాయిలో ఉన్న మీ అబ్బాయి వాట్సాప్‌లో మన ఫాదర్‌గారి సలహా తీసుకోవచ్చు, ప్రార్థన చేయించుకోవచ్చు. పాపసంకీర్తనానికి అక్కడి గురువు దగ్గరకు వెళ్ళవలసిందే.

మాట రానివారి సంగతి కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. పక్షవాతంతో మాట పడిపోయినా, గొంతులో గొట్టం ఉన్నా పాపసంకీర్తనం ఆగిపోదు. ఫాదర్‌గారు అడుగుతారు, రోగి తల ఊపినా, చేయి నొక్కినా చాలు. రాయగలిగినవారు పలక మీద రాయవచ్చు, వెంటనే తుడిచివేయాలి. కాగితం వద్దు, దుప్పటి మడతలో మిగిలిపోతుంది. స్పృహ పూర్తిగా పోయే వరకూ ఆగవద్దు. “ఫాదర్‌గారిని పిలిస్తే నాన్న భయపడతాడు, చావు దగ్గరపడిందనుకుంటాడు” అని ఆలస్యం చేసే కొడుకులు చాలామంది ఉన్నారు. నాన్నకు మీకంటే ముందే తెలుసు.

ఆ సమయంలో బంధువులందరూ బయటికి వెళ్ళాలి. “అమ్మకు చెవుడు, నేను ప్రక్కనుండి చెబుతాను” అనే కోడళ్ళకు కూడా ఇదే మనవి. భాష రాకపోతే దుభాషిని పెట్టుకోవచ్చును గాని ఆ మనిషిని ఎంచుకునేది రోగి. ఆ దుభాషికి కూడా రహస్యం కాపాడే బాధ్యత ఉంది. పొరపాటున చెవిన పడినవారికి సహితం ఉంది. తెర అవతల మంచానికి సూది వేస్తున్న మా నర్సుకూ ఉంది. మా నర్సింగు విద్యార్థినులకు మొదటి సంవత్సరంలోనే ఈ మాట చెబుతాము: ఊదారంగు స్టోలు వేసుకుని ఫాదర్‌గారు కూర్చుంటే, అత్యవసరమైతే తప్ప ఆ మంచం దగ్గర మీకు పని లేదు. సెల్ ఫోను కూడా దూరంగా పెట్టండి. పాపసంకీర్తనాన్ని రికార్డు చేయడం శ్రీసభ చట్టంలో శిక్షార్హమైన నేరం.

గురువు ఆ రహస్యాన్ని బయటపెడితే ఆ క్షణమే వెలికి గురవుతారు. చెప్పకపోయినా, విన్నదానిని మీకు నష్టం కలిగేలా వాడుకోకూడదు. కనుక “రేపు రౌండుకు వచ్చినపుడు ఆయన మొహం ఎట్లా చూడాలి?” అన్న బెంగ అక్కరలేదు. ఆయన నిన్నటి మాట ఎత్తనే ఎత్తరు.

నమ్మకం చెడిన చోట్లూ ఉన్నాయి, దాచడం ఎందుకు? 2018లో కేరళలో వేరొక సంప్రదాయపు సంఘంలో, ఒక స్త్రీ పాపసంకీర్తనంలో చెప్పినదాన్ని అడ్డుపెట్టుకుని గురువులు ఆమెను లోబరచుకున్నారని ఆరోపణలు వచ్చాయి. జాతీయ మహిళా కమిషను పాపసంకీర్తనాన్నే రద్దు చేయాలని సిఫారసు చేసింది, మన పీఠాధిపతులు వ్యతిరేకించారు. రద్దు పరిష్కారం కాదు. కాని ఆడపిల్లల తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి: ముఖాముఖి అంటే తలుపు మూసిన గది కాదు. లోపలి మాట వినబడకూడదు, లోపలి మనుషులు బయటికి కనబడాలి. అద్దం తలుపు ఉండాలి, లేదా తలుపు తీసి ఉండాలి. గురువు నీతి తప్పిన మాట అన్నా, పాపంలో పాలుపంచుకున్నవారి పేరు గుచ్చి గుచ్చి అడిగినా లేచి వచ్చేయవచ్చును. రహస్యం కాపాడే బాధ్యత గురువుది. మీ నోటికి తాళం లేదు, పీఠాధిపతికి ఫిర్యాదు చేయవచ్చును.

“ఫాదర్‌గారికి చెప్పాను గదా!”

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది ఇది. తెర చాటున చెప్పినా, ఎదురుగా చెప్పినా, ఫాదర్‌గారికి చెప్పినది డాక్టరుగారికి చేరదు. చేరడానికి వీలు లేదు. మీ ప్రాణం పోతున్నా ఆయన మాకు చెప్పలేరు. మీ చేత చెప్పించడానికి ప్రయత్నించగలరు, అంతే.

పురుగుల మందు తాగిన మనిషి “కడుపు నొప్పి” అని చేరి, ఫాదర్‌గారికి మాత్రం నిజం చెప్పుకుని, ఇక అందరికీ తెలిసినట్టేనని ఊరుకుంటే ప్రాణం దక్కదు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు అన్నది డాక్టరుకు తెలియాలి. పోలీసు కేసు భయంతో దాచవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి గాని శిక్షించకూడదు. శ్రీసభ కూడా తన సత్యోపదేశ గ్రంథంలో, తీవ్రమైన మనోవేదన, భయం ఆ మనిషి బాధ్యతను తగ్గించగలవని చెబుతున్నది. అలాంటి ఆలోచనలు వస్తుంటే గురువుకూ చెప్పండి, మాకూ చెప్పండి. ఇంటి దగ్గర ఉంటే 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వపు టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తాగుడూ అంతే. రోజుకు ఎంత తాగుతారో ఫాదర్‌గారికి చెప్పి, మాకు “అప్పుడప్పుడు” అని చెబుతారు. అలవాటైన శరీరం ఒక్కసారిగా మానితే ఒకటి రెండు రోజులలో ఫిట్స్, రెండు మూడు రోజులలో మతిభ్రమ రావచ్చు. ముందే తెలిస్తే మందు ఇచ్చి ఆపవచ్చు.

చిన్నపిల్లల మీద ఎవరైనా అఘాయిత్యం చేస్తే ఆ బిడ్డ పాపసంకీర్తనంలో చెప్పుకోవలసింది ఏమీ లేదు, ఆ బిడ్డది పాపం కాదు గనుక. ఆ సంగతి మాకు చెప్పండి, లేదా 1098కి చెప్పండి. మాకు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం మా విధి.

మరొక రకం రోగులు ఉన్నారు. చెప్పినదే మళ్ళీ మళ్ళీ చెబుతారు. పొద్దున పాపసంకీర్తనం చేసి, “సరిగా చెప్పలేదేమో, దేవుడు మన్నించలేదేమో” అని సాయంత్రం ఇంకొక గురువును వెతుకుతారు. ఆత్మశోధన గంటల తరబడి సాగుతుంది, కొందరిలో చేతులు కడగడం కూడా. ఇది భక్తి ఎక్కువై కాదు, చాలాసార్లు ఇది ఒక మానసిక వ్యాధి, మందులతో, కౌన్సిలింగుతో తగ్గుతుంది. ఇలాంటివారికి తెర చాటున, తెలియని గురువుల దగ్గరకు తిరగడం వ్యాధికి మేత వేయడమే. ఒక్క గురువును పట్టుకుని, ఆయన “చాలు” అంటే ఆగిపోవడం వీరికి క్షేమం. ఆ గురువుకు వీరు ఎవరో తెలియాలి. మేము తెర వద్దని చెప్పేది ఈ ఒక్క సందర్భంలోనే.

మా ఆసుపత్రిలో పాపసంకీర్తనం కావలసినవారు వార్డు నర్సుకు చెబితే చాలు. “తెర కావాలి”, “ఎదురుగా కూర్చుంటాను”, “వేరే ఫాదర్‌గారు కావాలి” అని ఒక్క ముక్క అనండి, కారణం అడగము, కేసు షీటులో రాయము. వేరే ఫాదర్‌గారి కొరకైతే వీలయినంత వరకు ఒకరోజు ముందు చెప్పండి. ఆపరేషను ఉన్నవారు మత్తు సూదికి ముందు చెప్పాలి, సూది తరువాత మాట తడబడుతుంది. రోగి పరిస్థితి విషమంగా ఉంటే అర్ధరాత్రి అయినా ఆలోచించవద్దు, బెల్లు నొక్కండి.